సాలీడు బతికే ఉంది, సరే. ఎలా బతుకుతోంది?

ఈమధ్య మా వైపు ఒక ఫ్యాక్టరీ విస్తరణ కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద అధికారులు, చుట్టూ పోలీసులు, మైకు కోసం తోపులాట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి సభకి ఒక్కసారైనా వెళ్ళినవాళ్ళకి వర్ణించి చెప్పనక్కర్లేదు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. అందుకని పర్యావరణ నివేదికలో మొక్కలు, జంతువుల అధ్యాయం వచ్చినప్పుడు శ్రద్ధగా విన్నాను. కంపెనీ తరఫున వచ్చిన కన్సల్టెంటు ఆ అధ్యాయాన్ని గబగబా ముగించి, చివర్లో ఒక మాట అన్నాడు. "ఫ్యాక్టరీ ప్రహరీ పొడుగునా సాలీళ్ళు గూళ్ళు కట్టుకుని ఉన్నాయండి. అంత చిన్న ప్రాణులకే ఏమీ కాలేదు. ప్రకృతి సర్దుకుంటుంది. మనమే అనవసరంగా టెన్షన్ పడుతున్నాం."

నా పక్కన కూర్చున్న పెద్దాయన దానికి తలూపాడు. ఆయనది ఫ్యాక్టరీకి ఆనుకుని ఉన్న ఊరే. "నిజిమే బాబూ. మొదట్లో ఆ వాసనకి వాంతులొచ్చీవి. ఇప్పుడు తెలీదు. అలవాటైపోనాది" అన్నాడు.

ఆయన మాటకి నాకు బాధ కలిగింది. కన్సల్టెంటు మాటకి కోపం వచ్చింది. కోపం ఎందుకంటే అతను చెప్పింది అబద్ధం కాదు. గోడ మీద సాలీళ్ళు నిజంగానే ఉన్నాయి, నేనూ చూశాను. కానీ ఆ నిజాన్ని పట్టుకుని అతను చెప్పిన తీర్పు తప్పు. ఒక ప్రాణి ఒక చోట చావకుండా ఉందంటే, అక్కడ బతకడానికి అది ఏం పోగొట్టుకుంటోందో ఇంకా ఎవరూ చూడలేదని మాత్రమే అర్థం. సాలీళ్ళ విషయంలో దాన్ని చూసినవాళ్ళున్నారు. వాళ్ళు చూసిందేమిటో తెలిస్తే, గోడ మీది గూళ్ళని ఫ్యాక్టరీకి మంచి సర్టిఫికెట్‌గా ఎవరూ చూపించరు.

పొట్టలో దాచుకునే విషం

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. సాలీడు మొండి ప్రాణి. వారాల తరబడి తిండి లేకపోయినా ఉంటుంది. సీసం, జింకు, కాడ్మియం ఉన్న నేలల్లో కూడా బతుకుతుంది. పోలండ్‌లో ఓల్కుష్ అనే ఊరి దగ్గర 2020 దాకా సీసం, జింకు గనులు నడిచాయి, ఆ ఖనిజాన్ని కరిగించే కర్మాగారాలూ ఉన్నాయి. ఆ చుట్టుపక్కల అడవుల్లో సాలీళ్ళని కటోవిత్సెలోని సిలేసియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 1990ల నుంచీ పరిశీలిస్తున్నారు. అక్కడ సాలీళ్ళున్నాయి. వాటి ఒంట్లో లోహాలూ ఉన్నాయి.

లోహాలు ఒంట్లోకి చేరే దారి తిండే. సాలీడు తన ఎరని నమిలి మింగదు. జీర్ణరసాలు ఎర ఒంట్లోకి వదిలి, లోపలిదంతా ద్రవంగా మార్చి పీల్చుకుంటుంది. ఆ ద్రవంతో పాటు పురుగు ఒంట్లో ఉన్న లోహాలూ వస్తాయి. పురుగు ఆకులు తింది, ఆకుల మీద పొగ దుమ్ము పడింది, వేళ్ళ నుంచీ కొంత ఎక్కింది. ఇదంతా చివరికి వేటాడే ప్రాణి దగ్గర పోగుపడుతుంది. చాలా పురుగుల కంటే సాలీళ్ళ ఒంట్లో కాడ్మియం, రాగి, జింకు ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. రాగి వాటికి కొంత అవసరం కూడా. మన రక్తంలో ఇనుము చేసే పని వాటి రక్తంలో రాగి చేస్తుంది, అందుకే ఆ రక్తానికి నీలిరంగు. కాడ్మియంతో మాత్రం సాలీడుకి ఏ అవసరమూ లేదు.

వచ్చిన లోహాన్ని సాలీడు పొట్టలో ఉండే పెద్ద జీర్ణగ్రంథికి పంపిస్తుంది. అక్కడి కణాల్లో చిన్న చిన్న గుళికల్లాంటివి తయారవుతాయి. లోహం వాటిలో బందీ అయిపోతుంది, మిగతా ఒంటిలోకి రాదు. దీనికి తోడు మెటలోథయోనిన్లు అనే ప్రొటీన్లు లోహపు అణువుల్ని పట్టి కట్టేస్తాయి. గ్లూటాథయోన్ అనే పదార్థం, దానితో పనిచేసే ఎంజైములు, లోహం వల్ల కణాల్లో పుట్టే హానికర అణువుల్ని అణచేస్తాయి. ఇక మూడోవి స్ట్రెస్ ప్రొటీన్లు. ఎండదెబ్బ తగిలినప్పుడు మన కణాల్లో కూడా పెరిగే రకం ఇవి. వంకర తిరిగిపోతున్న మిగతా ప్రొటీన్లని ఇవి సరిచేస్తాయి. బాగుచెయ్యలేనంతగా చెడిన కణాల్ని ఒళ్ళే పద్ధతిగా చంపేస్తుంది. కలుషితమైన చోట్ల పట్టిన సాలీళ్ళలో ఈ ఏర్పాట్లన్నీ పనిలో ఉన్నట్టు ఆ పరిశోధకులు చూశారు. ఎంతవరకు పనిచేస్తాయన్నది జాతిని బట్టి, ఆడా మగా తేడాని బట్టి, గూడు కట్టి కూర్చునేదా తిరిగి వేటాడేదా అన్నదాన్ని బట్టి మారింది.

ఇది చదివినప్పుడు మొదట నాకు ఆశ్చర్యం, తరవాత గౌరవం కలిగాయి. వేలెడంత కూడా లేని ప్రాణి ఒంట్లో ఇంత వ్యవస్థ. కన్సల్టెంటు మాటకి ఇక్కడ బలం దొరికినట్టే కనిపిస్తుంది. చూశారా, సర్దుకుంటోంది కదా అని.

కానీ ఈ పనులేవీ ఊరికే జరగవు. ప్రతి ప్రొటీనూ తిన్న తిండిలోంచే తయారవ్వాలి. ఇంట్లో ఒకరికి నెలనెలా మందులు కొనాల్సి వచ్చిన కుటుంబం ఎలా నడుస్తుందో మనకి తెలుసు. బియ్యం ఆగదు, కరెంటు బిల్లు ఆగదు, ఆగేది పిల్ల కాలేజీ ఫీజు. బయటినుంచి చూసేవాళ్ళకి ఆ ఇల్లు మామూలుగానే ఉంటుంది.

సాలీడు విషయంలో ఆగిపోయేది గుడ్లు. బెల్జియంలో షెల్ట్ నది ముఖద్వారం దగ్గర బురద నేలల్లో ఉండే ఒక రకం తోడేలు సాలీడు మీద 2003లో ఒక పరిశోధన వచ్చింది. లోహ కాలుష్యం ఎక్కువున్న చోట్ల ఆడ సాలీళ్ళు గుడ్ల కోసం పెట్టే ఖర్చు తగ్గించుకుంటున్నాయి. గుడ్లు తక్కువ, కానీ ఒక్కో గుడ్డు పెద్దది. చెడ్డ చోట పుట్టే పిల్లకి కాస్త ఎక్కువ దన్ను ఇచ్చి పంపడం అన్నమాట. పరిశోధకులు దీన్ని పరిస్థితికి తగ్గ మార్పుగానే చూశారు, నేనూ ఒప్పుకుంటాను. ఇది తెలివైన సర్దుబాటే. కానీ ఈ సర్దుబాటు వల్ల తగ్గిన పిల్లల్ని ప్రహరీ గోడ మీద ఎవరూ లెక్కపెట్టలేరు. పుట్టనివి కనబడవు కదా.

గూట్లో పడిన దుమ్ము

ఒంట్లో సంగతి తెలియాలంటే ల్యాబు కావాలి. గూడుకి అంత అక్కర్లేదు.

1948లో జర్మనీలో పీటర్ విట్ అనే యువ శాస్త్రజ్ఞుడి దగ్గరికి తోటి పరిశోధకుడొకడు ఒక చిత్రమైన సమస్యతో వచ్చాడు. సాలీళ్ళు తెల్లారగట్ల గూడు కడుతున్నాయి, చూడటానికి కష్టంగా ఉంది, మందేదైనా ఇచ్చి వాటి వేళ మార్చగలవా అని. విట్ రకరకాల మందులిచ్చి చూశాడు. వేళ మారలేదు. గూడు ఆకారం మారిపోయింది. కెఫీన్ ఇచ్చినప్పుడైతే గూడులో అసలు పద్ధతే లేదు. 1995లో నాసా వాళ్ళు అదే పద్ధతిని మళ్ళీ పట్టుకుని, రసాయనం ఎంత విషమైతే గూడు అంత వికారంగా వస్తుందని చూపించారు. 1992లో పురుగుమందుల మీద, 2010లో అర్జెంటీనా సోయా పొలాల్లో ఉండే ఒక సాలీడుకి గ్లైఫోసేట్ కలుపు మందు తగిలితే ఏమవుతుందన్నదాని మీద పరిశోధనలు వచ్చాయి. కలుపు మందు తగిలిన సాలీళ్ళు చావలేదు. తిండి తగ్గించాయి, గూళ్ళు సరిగ్గా కట్టలేదు, గుడ్లు తగ్గాయి. చావలేదన్న మాట దగ్గరే ఆగితే, ఆ మందు సాలీళ్ళకి ఏమీ చెయ్యదని రాసేయవచ్చు.

మా బళ్ళో ఒకసారి పిల్లల చేత గూళ్ళు తీయించాను. జాతీయ రహదారి వైపు కిటికీల దగ్గరివి కొన్ని, వెనక తోట వైపువి కొన్ని. తెల్లకాగితం మీద అద్దితే రోడ్డు వైపువి నల్లగా, జిడ్డుగా వచ్చాయి. తోట వైపువి మట్టి రంగు. దీని నుంచి పెద్ద సిద్ధాంతం తీయలేం, కళ్ళకి కనబడినదానికి అంతవరకే విలువ. అయితే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి అడిగింది. "సార్, చక్రంలా గూడు కట్టేవి పాత గూడు తినేసి కొత్తది కడతాయన్నారు కదా. మరి ఈ నల్లదంతా కూడా తింటాదా?"

తింటుంది. దారం తయారుచేయడానికి ప్రొటీన్ ఖర్చవుతుంది కాబట్టి చక్రం గూడు కట్టే సాలీళ్ళు చాలామటుకు పాత గూడు చుట్టి మింగేస్తాయి, ఆ ప్రొటీన్లో ఎక్కువ భాగం మళ్ళీ కొత్త దారంగా వస్తుంది. జిగురుకి అంటుకున్న పుప్పొడి కూడా అలాగే లోపలికి వెళుతుంది, పిల్ల సాలీళ్ళకి అది మంచి తిండి. అదే దారిలో మసీ వెళుతుంది. ఆ పిల్ల ప్రశ్న నాకు ఇప్పటికీ నచ్చుతుంది. నేను చదివిన వ్యాసాలన్నీ గూడుని గాలిలో దుమ్ము పట్టే జల్లెడగా చూశాయి. ఆ అమ్మాయి దాన్ని ఒకరి కంచంగా చూసింది.

ఆ జల్లెడలో ఏం పడుతుందో చెప్పడానికి గట్టి ఆధారాలున్నాయి. ఆస్ట్రేలియాలో 2002లో వచ్చిన ఒక పరిశోధనలో సిడ్నీ నగరంలోని గూళ్ళనీ, దూరంగా జెనోలన్ గుహల దగ్గరి గూళ్ళనీ పరీక్షించి, సీసం, జింకు తేడాలు గూళ్ళలోనే చదవవచ్చని చూపించారు. జర్మనీలో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు బస్టాపుల్లో సాలెగూళ్ళు సేకరించి 2022లో ఫలితాలు చెప్పారు. ప్రతి గూట్లోనూ మైక్రోప్లాస్టిక్ ఉంది. కొన్నిట్లో గూడు బరువులో పదో వంతు వరకూ అదే. బట్టల నుంచి రాలే పాలియెస్టర్ పోగులు, బళ్ళ టైర్ల అరుగుదల. చక్కటి రోడ్లూ కట్టుదిట్టమైన నియమాలూ ఉన్న దేశంలోనే ఇలా ఉంటే, లారీల వెనక లారీలు పోయే మన పదహారో నంబరు హైవే పక్కన ఎలా ఉంటుందో కొలిచి చూస్తే తప్ప తెలీదు.

మనం ఏం చేస్తాం? సంక్రాంతికి ముందు బూజుకర్ర తీసుకుని దులిపేస్తాం. దులపొద్దని నేను అనను, ఇల్లన్నాక శుభ్రం కావాలి. కానీ మా రెండు జిల్లాల్లో మాంగనీసు గనులున్నాయి, ఫెర్రో అల్లాయ్ కొలుములున్నాయి, రణస్థలం వైపు మందుల ఫ్యాక్టరీలున్నాయి, టెక్కలి వైపు గ్రానైట్ కోతలున్నాయి, పలాసలో జీడిపిక్కలు కాల్చే, ఉడికించే పనులున్నాయి. ఒక్కోచోట గాలిలో ఒక్కో రకం దుమ్ము. గాలి కొలిచే మిషను ఊరికొకటి పెట్టలేరు. సాలీడు ప్రతి చూరు కిందా ఒకటి పెట్టి ఉంచింది, కరెంటు కూడా అడగదు.

నా వాదనకి ఎదురొచ్చేవి

నేను రాసినదానికి ఎదురుగా నిలబడే సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని దాటేసి పోవడం నాకిష్టం లేదు.

అన్నిటికంటే బలమైనది సిడ్నీదే. 2014లో అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు, నగరం మధ్యలో కాంక్రీటు ఎక్కువున్న చోట్ల ఒక రకం పెద్ద చక్రం గూటి సాలీళ్ళు ఇంకా పెద్దగా పెరుగుతున్నాయని చూపించారు. గుడ్లు పెట్టే శక్తి కూడా పెరిగింది. అంటే మనిషి పాడుచేసిన చోటల్లా సాలీడు చిక్కిపోతుందని నేను అనలేను. నగరంలో వేడి ఎక్కువ, దీపాలకి పురుగులు మూగుతాయి, తిండికి లోటుండదు. ఈ లాభం కొన్ని జాతులకే దక్కుతుంది, ఆ జాతులే మన కళ్ళకి ఎక్కువ కనిపిస్తాయి. రద్దీ, కాంక్రీటు ఒకటి, సీసం, కాడ్మియం మరొకటి. రెండిట్నీ కలిపి కాలుష్యం అనేస్తాం కాబట్టి ఈ గందరగోళం. ప్రహరీ గోడ మీద లైట్లు రాత్రంతా వెలుగుతుంటాయి, అక్కడ పురుగులు మూగుతాయి, గూళ్ళు ఎక్కువుంటాయి. గూళ్ళు ఎక్కువున్నాయంటే గాలి శుభ్రంగా ఉందనేందుకు సిడ్నీ ఉదాహరణ పనికిరాదు. దీపం ఉందనేందుకు పనికొస్తుంది.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో 2024లో జోరో అనే సాలీడు మీద చేసిన పని కూడా నన్ను ఆలోచింపజేసింది. రద్దీ రోడ్ల పక్కన అవి ఎర కదలికకి కాస్త తక్కువగా స్పందిస్తున్నాయి, బళ్ళ అదురుకి గూడు ఊగుతుండటం వల్ల కావచ్చు. అయినా బరువు తగ్గలేదు. మరో చోట, నెబ్రాస్కాలో, చప్పుడు ఎక్కువున్నప్పుడు ఊరి సాలీళ్ళూ పల్లె సాలీళ్ళూ గూటి దారాల్లో అదురు ప్రసారమయ్యే తీరునే వేర్వేరుగా మార్చుకుంటున్నాయని 2025లో తేలింది. కాబట్టి ఖర్చు లేకుండా, లేదా చాలా తక్కువ ఖర్చుతో సర్దుకునే సందర్భాలూ ఉంటాయి. ఏది ఏ సందర్భమో కొలిస్తేనే తెలుస్తుంది. నేను అడిగేది ఆ కొలతే.

ఇక గోడ మీద సాలీళ్ళు కనిపించడం గురించి. అవి అక్కడే పుట్టినవని ఎవరు చెప్పారు? పిల్ల సాలీళ్ళు దారం వదిలి గాలిలో ఎగిరిపోతాయి. 1832లో డార్విన్ ప్రయాణిస్తున్న బీగిల్ ఓడ తీరానికి 60 మైళ్ళ దూరంలో ఉండగా దాని తాళ్ళ మీద వేలకొద్దీ చిన్న సాలీళ్ళు వచ్చి వాలాయి. సముద్రం మీదికే రాగలిగినవి ప్రహరీ మీదికి రావా? చుట్టుపక్కల పల్లెల పొలాల్లో పుట్టినవి ఏటా వచ్చి పడుతూ ఉంటే, అక్కడ వంశం ఆగిపోయినా గోడ ఖాళీగా ఉండదు. జీవావరణ శాస్త్రంలో ఇది కొత్త సంగతేమీ కాదు. ఇలా బయటి నుంచి వచ్చేవాటితోనే నిండుగా కనిపించే చోట్లు చాలా ఉంటాయి. నివేదిక రాసినవాళ్ళకి ఇది తెలియదనుకోను.

సాలీడుకీ మనిషికీ పోలిక పెట్టడం భావోద్వేగమే గానీ శాస్త్రం కాదని నా సహోద్యోగి ఒకాయన అన్నాడు. కొంతవరకు ఒప్పుకుంటాను. సాలీడు ఒంట్లో కాడ్మియం ఉందని నా ఒంట్లో ఉన్నట్టు రుజువు కాదు. ఉద్దానం కిడ్నీ జబ్బుని తెచ్చి దీనికి ముడిపెట్టే పని కూడా నేను చెయ్యను, దాని కారణం ఇప్పటికీ తేలలేదు. కానీ జబ్బు బయటపడ్డాక, ఎప్పుడో ఒంట్లోకి వెళ్ళినదాని గురించి వెతకడం ఎంత కష్టమో ఉద్దానం చూసిన మనకి వేరే వాళ్ళు చెప్పక్కర్లేదు. ముందే కొలిచి పెట్టుకునే అవకాశం ఉన్నప్పుడు దాన్ని వదులుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. అయినా మనిషి పోలిక తెచ్చింది నేను కాదు. వేదిక మీద మైకు పట్టుకుని, సాలీడు బాగుంది కాబట్టి మీరు టెన్షన్ పడకండని చెప్పింది వాళ్ళు.

ఉద్యోగాల మాటా ఉంది. మా క్లాసులో చదువుకున్న పిల్లలు చెన్నై, హైదరాబాద్ వలస పోతారు, కొందరు చేపల వేటకి గుజరాత్ దాకా వెళతారు. ఇంటి పక్కన జీతం దొరికితే వద్దనే హక్కు నాకు లేదు. సభలో "మా గుంటలకి పనులివ్వండి చాలు" అని ఒక తల్లి తన పిల్లల కోసం అడిగింది. ఆమె ముందు నిలబడి సాలీళ్ళ గుడ్ల గురించి మాట్లాడటం నావల్ల కాలేదు, మాట్లాడలేదు కూడా. ఇప్పుడు రాస్తున్నాను. పని ఇవ్వడానికీ, పొగని కొలిచి లెక్క చెప్పడానికీ మధ్య ఏదో ఒకటే ఎంచుకోమని ఆ తల్లిని ఎందుకు అడగాలి? రెండూ ఇవ్వాల్సిన బాధ్యత అవతలివాళ్ళది.

అలవాటు

పెద్దాయన "అలవాటైపోనాది" అన్నది నిజమే. ముక్కు అలసిపోతుంది. ఒకే వాసన కాసేపు వస్తుంటే దాన్ని పట్టడం మానేస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువు మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తినే మొద్దుబార్చేస్తుంది, అందుకే దాని దగ్గర పనిచేసేవాళ్ళకి ముక్కుని నమ్మొద్దని నేర్పుతారు. వాసన తెలియడం ఆగిపోయినంత మాత్రాన ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది ఆగదు. ఆయన ఒళ్ళు కూడా లోపల ఏవో ఎంజైములు పెంచుకుని ఉంటుంది. దానికి ఆయన ఏం చెల్లిస్తున్నాడో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

పైగా ఒక ప్రాణి తట్టుకుంటే విషం అక్కడితో ఆగదు. అమెరికాలో వర్జీనియాలో సౌత్ రివర్ అనే నదిలోకి ఒక ఫ్యాక్టరీ 1950 దాకా పాదరసం వదిలింది. ఆ తరవాత ఆపేశారు. అర్ధ శతాబ్దం గడిచాక, 2008లో వచ్చిన పరిశోధనలో, ఆ ఒడ్డున చేపలు తినని చిన్న పిట్టల రక్తంలో కూడా పాదరసం ఎక్కువగా దొరికింది. దారి వెతికితే సాలీళ్ళు కనిపించాయి. పిట్టలు తమ పిల్లలకి పెట్టే తిండిలో సాలీళ్ళ వాటా పెద్దది, వాటి ఒంట్లో పాదరసం ఇంకా పెద్దది. సాలీడు తట్టుకుని బతికింది కాబట్టే అది పిట్ట దాకా చేరింది. మన పెరళ్ళలో తేనెపిట్టలు సాలీళ్ళని ఏరుకు తింటాయి, పిచ్చుకలు పిల్లలకి తెచ్చి పెడతాయి, గోడల మీద బల్లులకి అదే విందు.

వరిపొలంలో ఈ కథ రైతుకి డబ్బు రూపంలో తగులుతుంది. దుబ్బుల మధ్య పరుగెత్తే తోడేలు సాలీడు, శాస్త్రీయంగా పార్డోసా సూడోఅన్యులేటా, సుడిదోమని తినే ముఖ్యమైన వాటిలో ఒకటి. పొలంబడి క్లాసులకి వెళ్ళిన రైతులకి దాన్ని మిత్రపురుగుగా చూపిస్తారు. ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ కెన్‌మోర్ బృందం 1980ల మొదట్లోనే, పురుగుమందు కొట్టిన మళ్ళలో సాలీళ్ళ లాంటి శత్రువులు చచ్చి దోమ మళ్ళీ విజృంభిస్తుందని చూపించింది. ఇండోనేషియా 1986లో వరిలో 57 రకాల మందుల్ని ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది. మా పిన్ని ఇవేవీ చదవలేదు. "సాలి పురుగులు మళ్ళో ఉంటే మందు డబ్బులు మిగుల్తాయిరా" అంటుంది. చైనాలో ఇదే జాతికి కాడ్మియం పెట్టి చూస్తే రక్షణ ఎంజైములు మారాయి, ఎదుగుదల, సంతానం దెబ్బతిన్నాయి. సాలీడు గుడ్లు తగ్గితే దోమకి పండగ, ఆ ఖర్చు పిన్ని ఖాతాలో పడుతుంది. విస్తరణ నివేదికలో ఈ ఖర్చుకి గడి లేదు.

అడగవలసింది

పర్యావరణ ప్రభావ అంచనాల కోసం 2006 నోటిఫికేషన్ ప్రకారం తయారయ్యే నివేదికల్లో జంతువుల అధ్యాయం సాధారణంగా ఒక జాబితా. ఫలానా పక్షి కనబడింది, ఫలానా పాము కనబడింది, అంతరించే జాతులు లేవు, అయిపోయింది. కనబడింది అన్న మాటతో ఆగకుండా ఏ స్థితిలో కనబడిందో కూడా అడగాలన్నది నా కోరిక. ఫ్యాక్టరీకి దగ్గరగా, దూరంగా, ఇంకా దూరంగా పట్టిన ఒకే జాతి సాలీళ్ళలో లోహాలెంత? గుడ్ల సంచిలో గుడ్లెన్ని? గూట్లో దుమ్ములో ఏముంది? లక్షలు ఖర్చయ్యే ప్రశ్నలేమీ కావివి. విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయం ఉంది, ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, ఎమ్మెస్సీ ప్రాజెక్టుల కోసం పిల్లలు ఏటా విషయాలు వెతుక్కుంటారు. వేదిక మీద మైకు దొరికినవాళ్ళు ఈ మూడు ప్రశ్నలూ అడిగి మినిట్స్‌లో రాయించగలిగితే, జవాబు లేకపోయినా ప్రశ్న రికార్డులో ఉంటుంది.

బళ్ళో చెయ్యగలిగింది చిన్నదే. ఈసారి పిల్లలతో రెండు మండలాల్లో గూళ్ళు తీయిద్దామనుకుంటున్నాను. తోటి టీచర్లు ఎవరైనా చేస్తే బాగుంటుంది కాబట్టి పద్ధతి రాస్తున్నాను. పాత గూటికి ఎంతకాలపు దుమ్ము పట్టిందో తెలీదు, అందుకని ముందు ఆ మూల శుభ్రంగా దులిపి, తేదీ రాసుకుని, మళ్ళీ కట్టేదాకా ఆగాలి. రోజూ తినేసి కట్టే చక్రం గూళ్ళు దీనికి పనికిరావు, మూలల్లో కట్టే పలకలాంటి దట్టమైన గూళ్ళు తీసుకోవాలి. గాజు కడ్డీకి చుట్టి శుభ్రమైన గాజు సీసాలో వెయ్యాలి, ప్లాస్టిక్ డబ్బా వద్దు. సాలీడుని పక్కకి తోలి వదిలేస్తే చాలు, చంపక్కర్లేదు. వరండా చూరు కింద, వాన జల్లు తగలని చోట్లే ఎంచుకోవాలి, తడిస్తే దుమ్ము కొట్టుకుపోతుంది. తొలకరి పడకముందే తీసెయ్యడం మంచిది.